కరెంటు కోయిల

ఆ ఆదివారం పొద్దున కోదండరామి చేయాలనుకున్నది పెద్ద పనేమీ కాదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా మీద లారీల ఎర్రదుమ్ము పడకుండా రాయల్ సర్కిల్ దగ్గరున్న కేబుల్ టీవీ ఆఫీసుకు చేరుకుని, తన పాటల గురించి శ్రోతలు ఏమంటారో కుర్చీలో కూర్చుని వినడం. అంతే. కాని ఆ వినడం గుర్తొచ్చినప్పుడల్లా రేజరు పక్కకు జారి, గడ్డం మీద అక్కడక్కడా తెగింది.

"ఏమయ్యా, టీవీకి పోతాండావా, కొట్లాటకు పోతాండావా?" అంటూ భార్య నాగలక్ష్మమ్మ పటికముక్క తెచ్చి ఇచ్చింది.

"లైవు అంట. ఊరంతా ఫోన్లు చేస్తారంట. బాగలేదని చెప్తే ఎట్లమ్మే?"

"అప్పుడే చెప్పినారు కదా. మళ్ళీ కొత్తగా ఏం చెప్తారు?"

అప్పుడే అంటే ఇరవై ఏళ్ళకు పైమాట. కోదండరామి అప్పట్లో బళ్ళారిలో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో కీబోర్డు వాయించేవాడు. పెళ్ళిళ్ళలో, వినాయకుడి పందిళ్ళలో ఎవరెవరో పాడే పాటలకు వెనక నిలబడి వాయించీ వాయించీ విసుగెత్తి, ఒకరోజు పార్టీ వదిలేశాడు. కంటోన్మెంటులో ఒక పాత బంగళా వెనక గది అద్దెకు తీసుకుని, గోడలకు గోనెపట్టాలు కొట్టి, కీబోర్డు ఒకటి, తాళం వేసే మిషను ఒకటి ముందు పెట్టుకుని, తనే రాసి, తనే వాయించి, తనే పాడి 'కరెంటు కోయిల' అనే క్యాసెట్టు తెచ్చాడు. తబలా లేదు, వయొలిన్ లేదు, పక్కన ఇంకో మనిషి లేడు. అంతా కరెంటే. విన్న నలుగురిలో ఒకరు "గడియారం రిపేరు చేసే అంగట్లో కూర్చున్నట్టుండాది" అన్నారు. ఇంకొకరు "పాపం, ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?" అని అడిగారు. మిగిలిపోయిన క్యాసెట్ల మీద నాగలక్ష్మమ్మ తమ్ముడు భజనలు రికార్డు చేసుకున్నాడు. కోదండరామి జీన్సు ప్యాంట్లు ఉతికే కార్ఖానాలో సూపర్‌వైజరుగా చేరి, పాట మాట ఎత్తడం మానేశాడు.

అట్లాంటివాడి ఇంటి ముందు రెండు నెలల క్రితం పెద్ద కారు ఒకటి ఆగింది. దిగినవాడు జగదీశ్, తిమ్మప్ప కొడుకు. తిమ్మప్ప అంటే బళ్ళారిలో తెలియనివాళ్ళు లేరు. తెక్కలకోటలో వరి పండించే కుటుంబం. గనులు జోరందుకున్నాక సండూరు కొండల నుంచి ఇనుపరాయి మోసే లారీలు కొని, లారీల వెంట నీళ్ళ ట్యాంకర్లు కొని, ఊరు పట్టనంత మనిషయ్యాడు. కోదండరామి పనిచేసే కార్ఖానాకు నీళ్ళు వచ్చేదీ ఆయన ట్యాంకర్లలోనే.

"అంకుల్, మా నాయనకు మీ పాటలంటే ప్రాణం," అన్నాడు జగదీశ్. "ఆ క్యాసెట్టును సీడీ చేయిస్తాం. ఊరంతా పంచుతాం. ఫంక్షన్ పెట్టి గ్రాండుగా బిడుగడె, అదే, రిలీజు చేస్తాం."

తన పాటలు ప్రాణమనే మనిషి ఒకడు భూమ్మీద ఉన్నాడని తెలిసి, కోదండరామికి ఆ రాత్రి అన్నం దిగలేదు. భజనలు పడకుండా మిగిలిన ఒకే ఒక్క క్యాసెట్టు తెచ్చి ఇచ్చాడు. సీడీ తయారయింది. లారీ డ్రైవర్లకు, హోటళ్ళకు, మొబైలు అంగళ్ళకు పంచారు. కోదండరామికి పంపినదాన్ని నాగలక్ష్మమ్మ దేవుడి గూట్లో పెట్టి, మెరిసే వైపు బాగుందని అటే పసుపు రాసి కుంకుమ పెట్టింది. పక్కింటివాళ్ళ సీడీ ప్లేయరు ఆ ప్రసాదాన్ని నోట్లో పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. పోనీలే, కార్ఖానా హోరులో ఎట్లాగూ ఏదీ వినిపించదు, టీవీలో లోకంతో పాటే నేనూ వింటాను అనుకున్నాడు కోదండరామి.

లోకంతో పాటే విన్నాడు.

కేబుల్ టీవీ ఆఫీసు మేడమీద ఉంది. ఒక గది, రెండు లైట్లు, ఒక గాజు అద్దం. అద్దానికి అవతల జగదీశ్ నిలబడి బొటనవేలు చూపించాడు. యాంకరమ్మాయి వినూత మైకు సర్దుకుని, కెమెరా వైపు తిరిగి నవ్వింది.

"బళ్ళారి ప్రేక్షకులకు నమస్కారం! ఈ వారం రోజులుగా ఏ లారీలో విన్నా, ఏ హోటల్లో విన్నా ఒకటే ఆల్బం. కరెంటు కోయిల! ముందు ఒక పాట వినేద్దాం, తర్వాత మీ అభిప్రాయాలు!"

పాట మొదలయింది. కోదండరామి మొదట అది వేరే పాటనుకున్నాడు. తాళం మిషను గుర్రప్పిల్లలా దౌడు తీస్తోంది. తను మబ్బులు కదిలినట్టు నెమ్మదిగా వాయించిన కీబోర్డు గజ్జెల్లా గలగలమంటోంది. ఇంతలో పాట అందుకుంది. సన్నగా, తీయగా, పరికిణీ కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తే ఆడపిల్ల గొంతు.

*కరెంటు పోయిన వీధిలో నీ నవ్వు దీపం పెట్టింది*
*నువ్వొచ్చే దారి మొదట్లో నా నీడ నిలబడిపోయింది*

మాటలు తనవి. వరస తనది. గొంతు మాత్రం తను ఎన్నడూ కలవని మనిషిది. అర్థమవడానికి చరణం పట్టింది. స్టూడియోవాడెవడో క్యాసెట్టును వేగంగా తిప్పి సీడీ చేశాడు. బావిలోంచి వచ్చినట్టుండే తన గొంతు పైకి పాకి, పాకి, పదహారేళ్ళ పిల్లయి కూర్చుంది.

అతను నోరు తెరిచేలోగా ఫోను మోగింది.

"నమస్తే మేడం, గాళెప్ప మాట్లాడతాండా, లారీ డ్రైవరు. ఆ పాప పాడ్తాంటే సండూరు ఘాటు రోడ్డు ఎప్పుడెక్కినానో ఎప్పుడు దిగినానో తెలీడంల్యా. ఆ పాపకు నా నమస్కారం చెప్పండి!"

తర్వాత కౌల్‌బజారు నుంచి ఒకావిడ. "మా బుడ్డది ఆ గొంతు వినిపిస్తే తప్ప ముద్ద మింగదు. అంత చక్కగా యాడ నేర్చుకున్యాదో తల్లి!"

ఆ తర్వాత రిటైరైన మాస్టారొకాయన గొంతు సవరించుకున్నాడు. "గాత్రం అద్భుతం. సంగీతమే కొంచెం ఇబ్బంది. వెనక ఎవరో టకటకమని కొడుతున్నారు చూడండి, వాళ్ళు కాస్త ఊరుకుంటే ఆ అమ్మాయి ఇంకా బాగా పాడేది."

కోదండరామి చొక్కా వీపుకు అతుక్కుంది. వినూత అతని వైపు తిరిగింది. "సార్, అందరూ ఒకటే అడుగుతున్నారు. కవరు మీద 'సర్వం: కోదండరామి' అని ఉంది గాని, పాడిన అమ్మాయి పేరు లేదు. ఎవరు సార్ ఆమె?"

సర్వం అంటే పాట కూడా అందులో ఉన్నట్టే కదా అనుకుని ఆ రోజుల్లో వేయించిన మాట అది. ఆ సంగతే చెబుదామని గాలి పీల్చుకున్నాడు. గాజు అద్దం వెనక జగదీశ్ ముఖం తెల్లబోయి ఉంది. వద్దు, వద్దు అని రెండు చేతులూ జోడించి ఊపుతున్నాడు. కోదండరామి ఆగాడు. ఆగిన ఆ క్షణంలోనే ఇంకో ఫోను వచ్చింది.

"హలో," అంది ఫోను. "నేను తిమ్మప్పను."

వినూత కుర్చీలో నిటారుగా అయింది. ఊరు ఊరంతా అయి ఉంటుంది.

"నేను మాటలాడేది తక్కువ. ఒక మాట చెప్తా," అంది ఆ బరువైన గొంతు. "తెక్కలకోటలో నేను ట్రాక్టరు దున్నే కాలం అది. పంట పోయినాది, మా నాయన పోయినాడు, నాతో మాటలాడేకి ఒక మనిషి లేడు. పొద్దంతా ఆ పాప గొంతు ఒకటే నాతో ఉండె. ఇప్పుడు నాకు దేవుడు అన్నీ ఇచ్చినాడు. ఆ గొంతు మనిషిని ఒక్కసారి చూడల్ల. సాయంత్రం కంటోన్మెంటు గ్రౌండులో కొత్త లారీల పూజ ఉండాది. ఆయమ్మను పిలిపించి శాలువా కప్పుతా. కోదండరామీ, పేరేందప్పా ఆయమ్మది?"

తిమ్మప్ప గురించి ఊళ్ళో ఒక మాట చెప్పుకుంటారు. డీజిలు విషయంలో అబద్ధం చెప్పిన సొంత బావమరిదిని సండూరు కొండ మీదే లారీ దింపేసి, నడిచి రమ్మన్నాడని. ఆ మనిషికి లైవులో, ఊరందరి ముందు, నీ ప్రాణాన్ని నిలబెట్టిన ఆడపిల్ల ఈ మీసాల మనిషే అని చెప్పడం ఎట్లా? కోదండరామి చూపు దిక్కుతోచక కిటికీలోంచి బయట పడింది. రోడ్డుకు అవతల ఒక బోర్డు. 'యంకమ్మ జొన్నరొట్టెల మెస్.'

"యంకమ్మ," అన్నాడు.

"యంకమ్మ," అన్నాడు తిమ్మప్ప మెల్లగా, బెల్లంముక్క చప్పరించినట్టు. ఫోను పెట్టేశాడు.

లైట్లు ఆరగానే జగదీశ్ లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "అంకుల్, మీ ముఖం చూసి నాకు అప్పుడే అర్థమయినాది. ఆ గొంతు మీదే కదా? నిజం చెప్తే నాయన ఏమవుతాడో తెలీదు. ఈ పొద్దు గడవనీయండి."

"సాయంత్రం యంకమ్మ యాడుండాదని అడుగుతాడు కదప్పా?"

"సచ్చిపోయినాదని చెప్దాం."

"పొద్దున పుట్టిచ్చి సాయంత్రానికి సంపేదా!"

"అట్లయితే సోలాపూరుకు కోడలై పోయినాది, అడ్రసు తెలీదు."

సోలాపూరు ఖాయమయింది. ఇద్దరూ ఒకింత తేరుకుని మెట్లు దిగారు. దిగి రోడ్డు మీదికి వచ్చి ఆగిపోయారు.

రొట్టెల మెస్సు ముందు జనం. ఆటోలు అడ్డదిడ్డంగా నిలిచాయి. మధ్యలో స్టూలు మీద, చేతులకు జొన్నపిండితో, మెడలో ఎవరో వేసిన చేమంతి దండతో, అరవైకి దగ్గరపడిన లావుపాటి మనిషి కూర్చుని ఉంది. మెస్సులో రొట్టెలు తింటున్నవాళ్ళందరూ టీవీ చూస్తూనే ఉన్నారు మరి.

"యంకమ్మవ్వా, నువ్వు పాడేదానివని ఎప్పుడూ చెప్పలేదే?" అని అడుగుతున్నాడొకడు.

"పాడకుండ రొట్టె ఎట్ల కొడ్తారప్పా?" అంటోంది యంకమ్మ. ఆమె గొంతు తిరగలిలో గులకరాయి పడ్డట్టుంది. "వయసులో ఉన్యప్పుడు నేను పాడ్తాంటే ఎద్దులు నిలబడిపోయేవి. ఎవరెవరు విని పోయినారో నాకేం తెల్సు?"

"ఇప్పుడు సోలాపూరు నుంచి వెనక్కి తెప్పిచ్చేదెట్ల?" అన్నాడు కోదండరామి నీరసంగా. జగదీశ్ ఫోను మోగింది. చూసి, చెవికి పెట్టుకుని, "ఆఁ నాయనా... దొరికినాదా... సరే నాయనా," అని జేబులో పెట్టుకున్నాడు. "నాయన ఆయమ్మకు కారు పంపిస్తాండాడంట," అన్నాడు.

ఇల్లు చేరేసరికి నాగలక్ష్మమ్మ వంట చేయలేదు. గడపలో కూర్చుని ఉంది. అది ఎన్నడూ కూర్చునే చోటు కాదు.

"ఎవరామె?"

"ఎవరూ లేరే."

"నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో, కరెంటు పోయి వీధిలో నిలబడి నవ్వుతాంటే, నన్ను చూసి ఆ పాట రాసినా అని చెప్పినావు."

"నిన్ను చూసే రాసినానే!"

"రాసేది నన్ను చూసి. పాడిచ్చేది దాని చేత!"

"పాడింది నేనే, నాగలక్ష్మీ! టేపు ఫాస్టుగా తిరిగి గొంతు అట్ల మారిపోయినాది. నీ తోడు!"

నాగలక్ష్మమ్మ అతన్ని కిందినుంచి పైకి చూసింది. "నీ గొంతు నాకు తెలీదా? ఇరవై ఏండ్లుగా స్నానాల గదిలోంచి వింటాండా. అది ఎంత తిప్పినా అట్ల కాదు." ఆమె లేచి లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. "నేనూ వస్తాండా సాయంత్రం. ఆ కోయిలెవరో చూడల్ల."

సాయంత్రం కంటోన్మెంటు గ్రౌండులో కొత్త లారీలు బారుగా నిలిచి ఉన్నాయి. అన్నిటికీ దండలు, అన్నిటి చక్రాల కింద నిమ్మకాయలు. జనరేటరు గుడగుడమంటోంది. స్టేజి మీద బ్యానరు. అందులో కోదండరామి ఫొటో చిన్నది, తిమ్మప్ప ఫొటో పెద్దది, మధ్యలో ఆడమనిషి ఆకారం నల్లగా నీడలా గీసి దాని మీద ప్రశ్న గుర్తు.

ముందు వరసలో తిమ్మప్ప భార్య పద్మావతమ్మ కూర్చుని ఉంది. జగదీశ్ మర్యాద కోసం నాగలక్ష్మమ్మను ఆమె పక్కనే కూర్చోబెట్టాడు. 

"మీరూ ఆయమ్మను చూసేకే వచ్చినారా?" అంది పద్మావతమ్మ.

"అవునక్కా."

"నాకు పెండ్లయిన కాడి నుంచి ఈ గొంతు మాటే. ఈ పొద్దు ఆయప్ప జుట్టుకు రంగేసుకున్యాడు, చూసినారా?"

నాగలక్ష్మమ్మ చూసింది. స్టేజి మీద తిమ్మప్ప తెల్లచొక్కాలో, నల్లటి జుట్టుతో, కొత్త పెళ్ళికొడుకులా చేతులు నలుపుకుంటున్నాడు. పక్క కుర్చీలో తన మొగుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఇద్దరు మొగుళ్ళూ ఒకే దారి వైపు చూస్తున్నారు.

కారు వచ్చింది. ఎర్రటి పట్టుచీరలో యంకమ్మ దిగి, మెట్లు ఎక్కలేక ఇద్దరు డ్రైవర్ల భుజాలు పట్టుకుని ఎక్కింది. ముందు వరసలో రెండు నిట్టూర్పులు ఒకేసారి వినిపించాయి.

"ఈమెనా?" అంది పద్మావతమ్మ.

"ఈమే అంట," అంది నాగలక్ష్మమ్మ. పద్మావతమ్మ తన చేతిలోని కలర్ సోడా ఆమెకు అందించింది.

తిమ్మప్ప మాత్రం నిట్టూర్చలేదు. యంకమ్మను చాలాసేపు చూశాడు. "నువ్వేనామ్మా?" అన్నాడు.

"నేనేనప్పా."

"గొంతు..."

"పొయ్యి పొగ తగిలి అట్లయినాది. మీ లారీల దుమ్ము కొంత."

తిమ్మప్ప తల వంచుకుని శాలువా కప్పాడు. జనం ఈలలు వేశారు. కోదండరామి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, ఇంటికి పోవచ్చు, పాట పోయినా పరువు మిగిలింది అనుకున్నాడు. అప్పుడు తిమ్మప్ప మైకు తీసి యంకమ్మ ముందు పెట్టాడు. "ఒక్క ముక్క పాడమ్మా. ఒకటే ముక్క."

యంకమ్మ ఏమాత్రం బెదరలేదు. కొంగు బిగించి, అరచేతులు చరుచుకుంటూ రొట్టెలు కొట్టే పాట ఎత్తుకుంది. అందులో అత్త ఉంది, ఆడబిడ్డ ఉంది, మాడిన రొట్టె ఉంది. కరెంటు లేదు, వీధి లేదు, నీడా లేదు. జనం అయినా చప్పట్లు కొట్టారు. తిమ్మప్ప కొట్టలేదు.

"ఇది ఆ పాట కాదే," అన్నాడు.

యంకమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పొద్దుటి నుంచి ఇంతమంది చెబుతుంటే, ఆమె కూడా పూర్తిగా నమ్మింది ఆ మాటను. "నా పాట ఇదేనప్పా," అంది చెయ్యి కోదండరామి వైపు చాచి. "ఈయప్ప నా మెస్సులో రొట్టె తినేకి వచ్చి, విని, మాటలు మార్చి, నాకొక మాట చెప్పకుండ క్యాసెట్టు ఏసుకున్యాడు!"

జనంలో గుసగుస పుట్టి గోలయింది. పొద్దున తన నోట్లోంచి పుట్టిన మనిషి సాయంత్రానికి వేలు చూపించి తనను దొంగంటోంది. తిమ్మప్ప అతని వైపు తిరిగాడు. ఆ ముఖం చూసినప్పుడు కోదండరామికి సండూరు కొండ, ఆగిపోయిన నీళ్ళ ట్యాంకర్లు, ఉతక్కుండా పడి ఉన్న ప్యాంట్లు వరసగా కళ్ళముందు నడిచాయి.

"ఏమప్పా కోదండరామీ," అన్నాడు తిమ్మప్ప. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఆడమనిషి పాట తీసుకుని, మీద సర్వం అని నీ పేరు ఏసుకున్యావా?"

కోదండరామి లేచాడు. అబద్ధం చెప్పినందుకు ఎన్ని మాటలైనా పడతాడు. కాని గోనెపట్టాల గదిలో ఒంటరిగా కూర్చుని, చెమటలు కారుస్తూ చేసిన పాటను దొంగపాట అంటే పడలేడని ఆ క్షణంలోనే అతనికి తెలిసింది. మైకు లాక్కున్నాడు.

"యంకమ్మ ఎవరో నాకు తెలీదు! బోర్డు మీద చూసి చెప్పినా. అది నా తప్పే. కాని పాట నాది. గొంతు కూడా నాదే!"

ముందు నవ్వు ఒక మూల పుట్టింది. తర్వాత గ్రౌండంతా నవ్వింది. గాళెప్ప కొత్త లారీ మీదికెక్కి, "ఆ పాప గొంతు నీదా మీసాలప్పా!" అని అరిచాడు.

ఇంక చెప్పడానికేమీ మిగలలేదు. కోదండరామి కళ్ళు మూసుకుని పాడాడు. తను పాడినట్టే పాడాడు. మెల్లగా, బరువుగా, ఒక్కొక్క మాటనూ బావిలోంచి చేదినట్టు.

కరెంటు పోయిన వీధిలో...

నవ్వు ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో, "జనరేటరు దిగిపోతాంది, చూడప్పా!" అన్నారు. ఒకడు నిజంగానే చూడ్డానికి పరుగెత్తాడు.

ముందు వరసలో నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది. సోడాసీసా చేతిలోనే ఉంది.

"ఆ గొంతు నా మొగుడిదే!" అంది, మైకు అక్కర్లేనంత గట్టిగా. "ఇరవై ఏండ్లుగా వింటాండా. అచ్చం ఇట్లనే ఏడుస్తాది! ఆ పాట నన్ను చూసి రాసినాడు, ఆయప్పే పాడినాడు. దొంగ అన్యారంటే మర్యాదుండదు!"

కోదండరామి తన పాట మీద ఆమె అభిప్రాయం వినడం అదే మొదటిసారి. తిమ్మప్ప ఆమెను చూశాడు, కోదండరామిని చూశాడు, చివరికి కొడుకును చూశాడు.

"జగదీశా. సీడీ చెడగొట్టింది ఎవరు?"

జగదీశ్ స్తంభం పక్కనుంచి కదిలాడు. "ఎవరూ చెడగొట్టలేదు నాయనా. స్టూడియోవాడు మొదట ఇట్లనే చేసిచ్చినాడు. ఈ అంకుల్ ఇప్పుడు పాడినట్టే. మీకు వినిపిస్తే, 'ఇది కాదు, ఎవరో మగోడు ఏడుస్తాండాడు, ట్రాక్టర్లో ఉండేది తీసుకపో' అన్యారు. ఆ ట్రాక్టరు టేపు రికార్డరే స్టూడియోకు తీసుకపోయి, దాని ప్రకారం ఫాస్టు చేయించినా. మీకు ఎట్ల తెలిస్తే అట్లనే కదా సరి అనుకున్యా."

"ట్రాక్టరు టేపు రికార్డరు..." అన్నాడు తిమ్మప్ప.

"బ్యాటరీకి నేరుగా కలిపినారంట నాయనా. అందుకే దాంట్లో ఏదేసినా పరుగెత్తుతాది."

"మరి వేరే క్యాసెట్లు ఏసినప్పుడు తెలీలేదాప్పా మీకు?" అన్నాడు కోదండరామి, ఉండబట్టలేక.

తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు. "వేరేది ఏసింది యాడ? వరసకు బామ్మర్ది అయ్యే పిల్లోడు ఎవరింట్లోనో పడేస్తాంటే తెచ్చి పెట్టినాడు ఆ క్యాసెట్టు. పెట్టిన రోజే ఇరుక్కపోయినాది. మళ్ళీ బయటికి రాలే. స్క్రూడ్రైవరుతో పెరికినా రాలే. మొదట్లో విసుగు. ట్రాక్టరు తిప్పితే చాలు, అదే పాట. తిట్టుకున్యా. రానురాను అలవాటయినాది. తర్వాత అది పాడకుంటే చాలు దున్నబుద్ధి కాకపాయ."

కోదండరామికి తన ఒకే ఒక్క అభిమాని కథ ఇదని అర్థమయింది. ఇన్నేళ్ళూ తన పాట విన్న మనిషి ఒకడున్నాడు. వినక తప్పక విన్నాడు.

"అయితే ఆ పాప లేదు," అన్నాడు తిమ్మప్ప.

"లేదప్పా."

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదప్పా."

తిమ్మప్ప మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. రంగేసిన జుట్టు కింద ఆ ముఖం ఒక్కసారిగా వయసు మీదపడినట్టయింది. డ్రైవర్లు, బంధువులు, పూజారి, కెమెరావాడు ఎవరూ కదల్లేదు. ఆయన ఏమంటాడో దాన్నిబట్టి ఆ పూట ఎవరెవరు ఎక్కడికి నడిచి పోవాలో తేలుతుంది. కోదండరామి మనసులో కార్ఖానాకు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాడు. పద్మావతమ్మ లేచి స్టేజి ఎక్కి, భర్త వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు ఇప్పుడు కోపం లేదు.

తిమ్మప్ప తలెత్తాడు.

"కోదండరామీ."

"అప్పా."

"కొంచెం ఫాస్టుగా పాడతావా?"

కోదండరామికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భార్య వైపు చూశాడు. నాగలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పాడు పాడు అని చెయ్యి ఊపుతోంది. అతను గొంతు సవరించుకున్నాడు. ఎక్కడెక్కడో వెతికి, ముక్కులోంచి కొంత, నుదుట్లోంచి కొంత, సన్నటి గొంతొకటి లాగి పట్టుకున్నాడు. మొదటి మాట చీలింది. రెండోది నిలిచింది. మూడోదానికి గాళెప్ప లారీ రేకు మీద తాళం వేశాడు.

కరెంటు పోయిన వీధిలో నీ నవ్వు దీపం పెట్టింది!

తిమ్మప్ప కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మోకాలి మీద ట్రాక్టరు గేరు పట్టుకున్నట్టు ముడుచుకుంది. డ్రైవర్లు దుమ్ము లేచేలా గంతులు వేశారు. యంకమ్మ కప్పిన శాలువాతోనే వచ్చి పక్కన నిలబడి చేతులు చరుస్తూ వంత పాడింది. మీసాలు చెమటకు తడిసి అంటుకున్న కోదండరామి, యాభై దాటిన వయసులో, మొట్టమొదటిసారి, తన పాటకు 'మళ్ళీ, మళ్ళీ' అన్న జనాన్ని చూశాడు. గొంతు పూర్తిగా పోయేదాకా పాడాడు.

మరుసటి ఆదివారం కేబుల్ టీవీలో శ్రోతల అభిప్రాయాలు ఇంకోసారి పెట్టారు, ఫోన్లు ఆగలేదు. కంటోన్మెంటు గ్రౌండులో పాడిన మగమనిషి ఆడగొంతు బాగానే పెట్టాడనీ, అయితే సీడీలో యంకమ్మ పాడినంత రాలేదనీ అత్యధికులు తేల్చి చెప్పారు.